ఆదివారం పొద్దున్నే బల్గేరియా

ఇప్పటి పిల్లల్ని యూరప్ సినిమా ఎలా ఉంటుందిరా అని అడిగి చూడండి. "స్లో" అంటారు. ఆ ఒక్క ముక్కతో పోర్చుగల్ నుంచి పోలండ్ దాకా ఖండం మొత్తాన్ని అటకెక్కించేస్తారు. మొన్న మా మనవడు ఒక హంగరీ సినిమా పెట్టుకున్నాడు. దాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో పరిగెత్తిస్తూ, తెర మీద ఎవరూ నోరు విప్పని చోటల్లా పది సెకన్లు ముందుకి గెంతిస్తూ, గంటలోపే ముగించేసి, "బాగానే ఉంది తాతయ్యా, కాకపోతే ఏం జరగలేదు" అన్నాడు. జరిగిందంతా నువ్వు గెంతేసిన చోట్లే జరిగిందిరా నాయనా అన్నాను. వాడు అప్పటికే ఇంకోదానిలోకి వెళ్లిపోయాడు.

వాడొక్కణ్ణే అని లాభం లేదు. ఇంట్లో ఉన్న ఓటీటీలన్నిటికీ డబ్బు కడుతున్నారు. రాత్రి భోజనాలయ్యాక అందరూ సోఫాలో చేరి, ఏం చూద్దాం ఏం చూద్దాం అంటూ అరగంట పోస్టర్లు జరుపుతారు. ఆ అరగంటలో మేమైతే ఒక రీలు చూసి, దాని మీద తగువు కూడా పడేవాళ్లం. చివరికి ఇదివరకు చూసిందే మళ్లీ పెడతారు. లేదా "నువ్వు అది చూశావు కాబట్టి ఇదీ నచ్చుతుంది" అని ఓటీటీలో సినిమాలు ఎంచిపెట్టే ఆ యంత్రం ఏది చేతిలో పెడితే అది. ఏం, నచ్చనిది చూడకూడదా మనిషి? ఇష్టపడి వెళ్లిన సినిమాలు నేను చాలా మటుకు మర్చిపోయాను. తిట్టుకుంటూ కూర్చున్నవే ఇంకా నన్ను వదల్లేదు.

మా రోజుల్లో ఎంచుకోవడమనే మాటే లేదు. డెబ్బైల చివరా, ఎనభైల్లోనూ మా ఊళ్లో ఒక ఫిల్మ్ సొసైటీ ఉండేది. కోస్తాలో ఓ మోస్తరు పట్నం మాది. కాలేజీ లెక్చరర్లు, నాలాంటి గుమాస్తాలు, ఇద్దరు డాక్టర్లు, ఫోటో స్టూడియో ఆయన, పత్రికలకి కథలు రాసే నలుగురైదుగురు. ఇదీ సభ్యత్వం. ఆదివారం పొద్దున్న మ్యాట్నీ జనం రాకముందు ఒక హాలు అద్దెకి తీసుకునేవాళ్లం. సత్యజిత్ రాయ్ అధ్యక్షుడుగా 1959లో ఫిల్మ్ సొసైటీల ఫెడరేషన్ పెట్టారు కదా, దాని మద్రాసు ఆఫీసు ద్వారానో, పూనా ఆర్కైవ్ నుంచో, ఢిల్లీ ఎంబసీల దయవల్లో ప్రింట్లు వచ్చేవి. రేకు పెట్టెల్లో, రైల్వే పార్సిల్లో. మా సెక్రటరీ ఫ్రెంచి సినిమా కావాలని ఉత్తరం రాస్తే బల్గేరియా సినిమా దిగేది. ఇటలీ అడిగితే హంగరీ. ఆయన పార్సిల్ ఆఫీసులోనే పెట్టె మీద చీటీ చదివి ఉసూరుమనేవాడు. తిప్పి పంపడానికి డబ్బుల్లేవు, హాలుకి అడ్వాన్సు ఇచ్చేశాం. అంచేత బల్గేరియాయే.

మా సభ్యులందరూ కళాహృదయులని నేను చెప్పను. ఫిల్మ్ సొసైటీ సినిమాలకి సెన్సారు మినహాయింపు ఉండేది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. స్వీడన్ సినిమా అని బోర్డు మీద రాస్తే చాలు, ఎప్పుడూ కనిపించని సభ్యులు భక్తిగా ముందు వరసల్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. తీరా అది బెర్గ్‌మన్ సినిమా అయ్యేది. ఇద్దరు మనుషులు ఒక గదిలో దేవుడున్నాడా లేడా అని నలిగిపోతూ ఉండేవారు. రీలు మార్చడానికి లైట్లు వేసేసరికి ముందు వరసలు ఖాళీ. మిగిలినవాళ్లం వెనకాల చల్లగా నవ్వుకునేవాళ్లం.

అన్నట్టు ఆ రీలు మార్చడం సంగతి చెప్పాలి. మాది ఒకటే 16 ఎంఎం ప్రొజెక్టరు. రీలు అయిపోగానే ఆపరేటరు లైట్లు వేసి, పాత రీలు తీసి, కొత్తది ఎక్కించేవాడు. ఆ కాస్త సమయంలో సగం కథ తెలిసిన జనం మిగతా సగం మీద పందాలు కాసేవాళ్లు. ఒకసారి హంగరీ దర్శకుడు మిక్లోష్ యాంచో సినిమాకి రీళ్లు తారుమారయ్యాయి. మైదానం, గుర్రాలు, వరసగా నిలబెట్టిన ఖైదీలు, ఎటుపోతోందో తెలియని కెమెరా. ఎవరూ కనిపెట్టలేదు. పైగా చివర్లో ఒకాయన లేచి, కాలాన్ని దర్శకుడు ముక్కలుగా విరగ్గొట్టిన తీరు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆపరేటరు ఒక్కడే తలవంచుకుని పెట్టెలు సర్దుకున్నాడు.

అలా అడగకుండా వచ్చిందే 'కోర్‌హింటా'. రంగులరాట్నం అనుకోండి, మన బి.ఎన్. రెడ్డిగారి సినిమాకీ దీనికీ చుట్టరికం లేకపోయినా. జోల్తాన్ ఫాబ్రి 1956లో తీశాడు. పల్లెటూళ్లో మారి అనే పిల్ల, ఆమె మనసుపడ్డ కుర్రాడు. తండ్రేమో ఆస్తి ఉన్న రైతుకిచ్చి చేస్తానంటాడు, పొలానికి పొలం కలుస్తుందని. మా పక్కన కూర్చున్న లెక్చరరు, రైతు బిడ్డ, "ఇది మా తెనాలి దగ్గర జరిగిందే కదండీ, వీళ్లకెవరు చెప్పారు?" అన్నాడు. అందులో ఒక పెళ్లి విందు ఉంది. కుర్రాడు అందరి ముందూ మారిని లాక్కుని డాన్సు మొదలెడతాడు. ఇక ఆపడు. కెమెరా వాళ్లతోపాటు గిర్రున తిరుగుతుంది. చుట్టూ కూర్చున్న పెద్దల మొహాలు గీతల్లా సాగిపోతాయి. ఆ పిల్లగా వేసిన మారీ తొరొచిక్ అప్పటికి ఇరవై నిండీ నిండని అమ్మాయి. ఊపిరాడక, సిగ్గుతో, ఆనందంతో తూలిపోతున్న ఆ మొహాన్ని మించిన ప్రేమ సన్నివేశం నేను చూడలేదు. ముద్దు లేదు, డ్యూయెట్ లేదు. ఇప్పటి సినిమాల్లో అమ్మాయీ అబ్బాయీ పది దేశాల్లో పాడుకున్నా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

బల్గేరియా నుంచి వచ్చిన 'గోట్ హార్న్' మాత్రం ముందు వరసలవాళ్లకి కూడా నచ్చింది. మెతోది అందోనోవ్, 1972. టర్కీ వాళ్ల పాలనలో ఒక పశుల కాపరి ఇంటి మీద పడి భార్యని చెరిచి చంపుతారు. అతను కూతుర్ని కొండల్లోకి తీసుకుపోయి మగపిల్లాడిలా పెంచి, పగ తీర్చుకోవడానికి తయారుచేస్తాడు. మాటలు బహు తక్కువ. పగ కథలు మనకి కొత్తా? కానీ మన సినిమాల్లో పగ తీరగానే శుభం కార్డు పడుతుంది. ఇందులో పగ కోసం పెంచిన పిల్ల ఒకరోజు ఆడపిల్లలా బతకాలనుకుంటుంది. అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ.

మళ్లీ ఫాబ్రి దగ్గరికే వస్తాను. 'ఫిఫ్త్ సీల్' అని 1976లో తీశాడు. ఫెరెంత్స్ శాంతా నవల ఆధారం. మాస్కో ఉత్సవంలో బంగారు బహుమతి వచ్చింది. అయినా ఇవాళ ప్రపంచ సినిమా అని గొంతు చించుకునే కుర్రాళ్లలో పదిమందిని అడిగితే పదిమందీ తెల్లమొహం వేస్తారు. 1944, బుడాపెస్ట్. నాజీల తొత్తులు యారో క్రాస్ వాళ్ల రాజ్యం. వీధిలో మనుషుల్ని పట్టుకుపోతుంటారు. ఒక చిన్న సారాకొట్టులో కొట్టు యజమాని, వడ్రంగి, పుస్తకాలమ్మేవాడు, గడియారాలు బాగుచేసే ద్యురిత్సా రాత్రిపూట కబుర్లు చెప్పుకుంటుంటారు. పుస్తకాలాయన ఎలాగో ఒక దూడమాంసం ముక్క సంపాదించాడు. దాన్ని ఎలా వండాలన్నది చర్చ. అది ఎంతకీ తెగదు. మా హాల్లో గుసగుసలు. "వంట నేర్పడానికా పిలిచారు?" అని సెక్రటరీ మీద విసుర్లు.

అప్పుడు ద్యురిత్సా ఒక ప్రశ్న వేస్తాడు. ఒక దీవి, దానికో ప్రభువు, అతనికో బానిస. ప్రభువు ఆ బానిస నాలుక కోయిస్తాడు, పిల్లల్ని సర్వనాశనం చేస్తాడు. ప్రభువుకి తను చేసేది తప్పన్న ఊహే లేదు. అతను పుట్టిన లోకం అలాంటిది, హాయిగా నిద్రపోతాడు. బానిసకి మిగిలిన ఊరట ఒక్కటే, ఈ పాపాలేవీ నేను చేసినవి కావు అని. ఇప్పుడు నువ్వు చచ్చిపోయి ఈ ఇద్దరిలో ఒకడిగా పుట్టాలి. ఎవరిగా పుడతావు? మూడో దారి లేదు.

సరిగ్గా ఆ తర్వాత రీలు అయిపోయింది. లైట్లు వెలిగాయి. మీరు నమ్మరు, ఆపరేటరు రీలు ఎక్కించేసి పిలుస్తున్నా మేం కూర్చోలేదు. అందరూ బానిసగానే అన్నారు, ఇంకేమంటారు? మా కోశాధికారి ఒక్కడే, ఎప్పుడూ లెక్కల పుస్తకం తప్ప నోరు తెరవని మనిషి, "నేను ప్రభువుగానే పుడతానండీ, అబద్ధమెందుకు" అన్నాడు. హాలు రెండుగా చీలిపోయింది. తీరా తెర మీదా అదే తగువు. కొట్టుకి కొత్తగా వచ్చిన ఒక ఫోటోగ్రాఫరు, యుద్ధంలో గాయపడ్డవాడు, తను బానిసగానే పుడతానంటాడు. మిగతావాళ్లు నమ్మరు. ఆ అవమానం పట్టలేక వెళ్లి నలుగుర్నీ పట్టిస్తాడు.

పట్టుకుపోయిన చోట ఒక ఖైదీని చావబాది చేతులు కట్టి వేలాడదీసి ఉంచుతారు. మీలో ఎవడు వీడి చెంప మీద రెండు దెబ్బలు కొడితే వాణ్ణి వదిలేస్తాం అంటారు. కొట్టలేరు. ఎంత భయం ఉన్నా చెయ్యి లేవదు. కొట్టేది ఎవరంటే ఆ ప్రశ్న వేసిన ద్యురిత్సాయే. కొట్టి, బయటికొచ్చి, బాంబులకి కూలుతున్న వీధుల్లోంచి నడుచుకుంటూ ఇంటికి పోతాడు. ఎందుకంటే అతని ఇంట్లో పిల్లలున్నారు, ఎవరెవరి పిల్లలనో దాచి కాపాడుతున్నాడు. తను పోతే వాళ్లు పోతారు.

మా కోశాధికారికి ఆ రోజు గెలిచినంత సంబరం. కానీ ఆయన గెలిచాడా? ప్రభువులా హాయిగా నిద్రపోవడానికి కొట్టలేదు కదా ద్యురిత్సా! ఈ వాదన హాల్లోంచి కాఫీ హోటల్లోకి, హోటల్లోంచి సైకిళ్ల మీదికి, అక్కణ్ణుంచి ఏళ్లకేళ్లు సాగింది. కూతురి పెళ్లి పందిట్లో కూడా ఆయన నన్ను పక్కకి లాగి, "ఆ పిల్లలు లేకపోతే కొట్టేవాడంటారా?" అని అడిగాడు. ఇప్పుడు ఇదే సినిమాకి ఇంటర్నెట్లో నాలుగున్నర చుక్కలో, ఐదు చుక్కలో పెట్టి పోతున్నారు. పది నిమిషాల్లో కథ మొత్తం చెప్పేసే వీడియోలు కూడా ఉంటాయట. ద్యురిత్సా కొడతాడని ముందే తెలిసిపోయాక ఇక ఆ దూడమాంసం చర్చ ఎవడు వింటాడు? ఆ చర్చ వినకపోతే ఆ నలుగురూ మన ఇరుగుపొరుగులాంటి వాళ్లని ఎలా తెలుస్తుంది?

అసలు మా తరంలోనూ ఒక జబ్బుండేది, దాచడమెందుకు. గొదార్ పేరు చెప్పి గడ్డాలు పెంచినవాళ్లు, ఫెలీనీ పేరు చెప్పి సిగరెట్లు తాగినవాళ్లు కొల్లలు. పెద్ద పేర్లే సినిమా అనుకునేవాళ్లు. ఇప్పుడు ఆ జబ్బు ముదిరి ఉత్తమ చిత్రాల జాబితాలయ్యాయి. వంద పేర్లకి ఎదురుగా టిక్కులు పెట్టుకుంటూ పోవడం. నా మట్టుకు నాకు రెండో వరస దర్శకులే మిగిలారు. గొదార్ సినిమాలు ఇవాళ మళ్లీ చూస్తే తెలివి కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. కోప్పడేవాళ్లు కోప్పడండి. ఎర్మానో ఓల్మి తీసిన 'ఇల్ పోస్తో' ముందు అవన్నీ దిగదుడుపే.

'ఇల్ పోస్తో' 1961 సినిమా. ఉద్యోగం, అంతే కథ. మిలన్ దగ్గర ఊళ్లోంచి దొమెనికో అనే కుర్రాడు పెద్ద కంపెనీలో ఉద్యోగానికి పరీక్ష రాయడానికి వస్తాడు. లెక్క ఇస్తారు, చేయిస్తారు. గుంజీలు తీయిస్తారు. అర్థంపర్థం లేని ప్రశ్నలు అడుగుతారు. మొదట బంట్రోతు పని. గుమాస్తా ఒకాయన పోతే ఆయన బల్ల ఖాళీ అవుతుంది, దాన్ని కుర్రాడికిస్తారు. వెంటనే వెనక బల్ల గుమాస్తాలు గొడవ, ముందు బల్ల నాకు రావాలంటే నాకు రావాలని. చనిపోయినవాడి గురించి ఒక్కడికీ పట్టదు. ఓల్మి స్వయంగా ఎడిసన్ కరెంటు కంపెనీలో పనిచేసినవాడు, వాళ్ల కోసం ఎన్నో డాక్యుమెంటరీలు తీసినవాడు. ఆ ఆఫీసుల గోడల వాసన అతనికి తెలుసు. నటులు కూడా అసలు నటులు కారు. ఆఖర్న కుర్రాడి మొహం, పక్కన సైక్లోస్టైల్ మెషీను చప్పుడు. టకటకా టకటకా. జీవితాంతం అదే. నేను మర్నాడు ఆఫీసుకెళ్లి నా బల్ల దగ్గర కూర్చుంటే మా సైక్లోస్టైల్ మెషీను అదే చప్పుడు చేసింది. అప్పుడు నాకు పర్మనెంటు అయి కొత్త, ఇంట్లో స్వీట్లు పంచారు కూడా. ఈ సినిమా నాకు నచ్చలేదు అని చెప్పి తిరిగాను చాలాకాలం.

ఉద్యోగం మీద ఇంకొకటుంది, దానికి మా సొసైటీలో అదృష్టం లేదు, రిటైరయ్యాక డీవీడీలో చూశాను. 'ఎల్ వెర్దూగో', తలారి. స్పెయిన్, 1963, లూయీస్ గార్సియా బెర్లాంగా. ఫ్రాంకో నియంతృత్వం నడుస్తుండగా, మరణశిక్షలు అమలవుతుండగా, అదే దేశంలో నిలబడి మరణశిక్ష మీద హాస్య చిత్రం తీశాడంటే ఆ గుండె ఎంతది! శవాలు మోసే కంపెనీలో పనిచేసే కుర్రాడు, వాడి ఉద్యోగం తెలిస్తే ఆడపిల్లలు పారిపోతారు. తలారి కూతురు, ఆమె తండ్రి ఉద్యోగం తెలిస్తే మగపిల్లలు పారిపోతారు. ఇద్దరికీ కుదిరింది. ఇక ఇల్లు కావాలి. ముసలాయనకి గవర్నమెంటు ఫ్లాట్ మంజూరైంది కానీ ఆయన రిటైరైపోతున్నాడు. ఫ్లాట్ నిలవాలంటే అల్లుడు ఆ తలారి ఉద్యోగంలో చేరాలి. ఏం ఫరవాలేదు, ఎవరికీ శిక్ష పడదు, పడ్డా క్షమాభిక్ష వస్తుంది, నువ్వు జీతం తీసుకో చాలు అంటాడు మామ. అల్లుడు సంతకం పెడతాడు. ఇక వీధిలో ఎవరు తగవులాడుకుంటున్నా వీడు మధ్యన దూరి సర్దిచెబుతుంటాడు, హత్యదాకా పోతే తన మెడకి చుట్టుకుంటుందని!

చివరికి మయోర్కా దీవి నుంచి పిలుపొస్తుంది. కుటుంబమంతా విహారయాత్రకి వచ్చినట్టు వస్తారు. జైల్లో ఒక పెద్ద తెల్లటి గది, సామాను లేదు, ఏమీ లేదు. దాంట్లోంచి రెండు గుంపులు నడుస్తాయి. ముందు గుంపులో చావబోయేవాడు మౌనంగా నడిచి పోతున్నాడు. వెనక గుంపులో చంపవలసినవాణ్ణి కాళ్లు ఈడుస్తుంటే పోలీసులు లాక్కుపోతున్నారు. టోపీ కింద పడిపోతుంది. ఎవడో వెనక్కి పరుగెత్తి దాన్ని ఏరుకుని మళ్లీ పరుగెడతాడు. కెమెరా పైనుంచి, దూరంగా. దగ్గరికి రాదు. ఈ రోజుల్లో అయితే కన్నీళ్లొచ్చేదాకా కెమెరాని కనుగుడ్ల మీద పెట్టి, వయొలిన్లు వాయించేవారు. గవర్నమెంటు క్వార్టర్ కోసం నానాతిప్పలు పడిన మన గుమాస్తాలెవరైనా ఈ సినిమా చూసి నవ్వు ఆపుకోగలరా, నవ్వాక నిద్రపోగలరా చెప్పండి.

ఇక్కడే నాకు ఒక సంగతి తమాషాగా తోస్తుంది. అటు తూర్పు యూరప్‌లో ఈ సినిమాలన్నిటికీ డబ్బు పెట్టింది ప్రభుత్వమే. ప్రభుత్వ స్టూడియో, ప్రభుత్వ ఫిల్ము, ప్రభుత్వ జీతాలు. తీసి చూపిస్తే అదే ప్రభుత్వం గతుక్కుమని డబ్బాలో పెట్టి తాళం వేసేది. తిట్టించుకోవడానికి ఖర్చుపెట్టడమంటే అదే. చెకొస్లొవేకియాలో కారెల్ కాహిన్యా 1970లో 'ది ఇయర్', అంటే చెవి, తీశాడు. ఒక డిప్యూటీ మంత్రి, పెళ్లాం. రాత్రి పార్టీనుంచి ఇంటికొస్తే గేటు తీసే ఉంటుంది, కరెంటు లేదు, ఫోను పలకదు. తెల్లవార్లూ ఆ మొగుడూపెళ్లాలు ఇంట్లో ఎక్కడెక్కడ రహస్య మైకులు పెట్టారో వెతుక్కుంటూ, భయంతో ఒకర్నొకరు పీక్కుతింటారు. తెల్లారాక తెలుస్తుంది, అతనికి మంత్రి పదవి ఇచ్చారని! దాదాపు ఇరవై ఏళ్లు ఆ సినిమా బయటికి రాలేదు. 1990లో కాన్ ఉత్సవానికి వెళ్లింది. జీరీ మెన్‌జెల్ 1969లో తీసిన 'లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్' కూడా అంతే. 1990లో బయటపడి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ పంచుకుంది. ఇరవై ఏళ్లు డబ్బాలో మూలిగినా వాసన పట్టని సినిమాలవి. ఇప్పుడు శుక్రవారం వచ్చినది మళ్లీ శుక్రవారానికి ఎవరికి గుర్తుంటోంది?

మాకు సినిమాలు పంపిన దేశాలే ఇప్పుడు లేవు. చెకొస్లొవేకియా రెండు ముక్కలు. యుగోస్లావియా ఎన్ని ముక్కలో మనవడు చెప్పాలి. తూర్పు జర్మనీ లేదు. ఆ తూర్పు జర్మనీ నుంచి 1974లో 'జేకబ్ ద లయర్' అని ఒక చిన్న బంగారు ముక్క వచ్చింది, ఫ్రాంక్ బయర్ తీశాడు. యూదుల వాడలో ఒకడు తన దగ్గర రేడియో ఉందని అబద్ధం చెప్పి జనాన్ని బతికిస్తుంటాడు. దాని పేరెత్తితే మా అల్లుడు, "ఓ, రాబిన్ విలియమ్స్‌ది!" అన్నాడు. పెళ్లిలో వియ్యంకుణ్ణి వదిలేసి బ్యాండుమేళం వాణ్ణి గుర్తుపట్టినట్టు.

మా సొసైటీని ఎవరూ మూసేయలేదు. అదే పోయింది. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. రాముడికి పోటీగా బల్గేరియాని నిలబెట్టగలమా? దానికి తోడు వీసీఆర్‌లు. చందాలు రాలేదు. ప్రొజెక్టరు బెల్టు తెగితే కొత్తది వేయించలేదు.

ఇప్పటి యూరప్ సినిమాలు చూడకుండా మాట్లాడుతున్నానని అనుకోకండి. చూస్తూనే ఉన్నాను, సణుగుతూనే ఉన్నాను. మొదలవగానే బొమ్మలు, ఎన్ని బొమ్మలు! ఈ దేశం సంస్థ, ఆ దేశం టీవీ, ఇంకో దేశం నిధి, యూరిమాజ్ ముద్ర. 1988లో ఆ నిధి పెట్టినప్పటినుంచీ నాలుగైదు దేశాలు చందాలేసుకుని ఒక సినిమా తీయడం రివాజైంది. ప్రభుత్వ స్టూడియోలు పోయాక చిన్న దేశాలకి వేరే గతి లేదు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు రెండు షాట్లు చూస్తే ఇది హంగరీ, ఇది పోలండ్ అని చెప్పేవాళ్లం. ఇప్పుడు పేర్లు పడేదాకా తెలియదు. కథానాయిక మెడ వెనక కెమెరా పెట్టి సినిమా అంతా ఆవిడ వెంట నడిపిస్తారు. గంటన్నర ఆవిడ జడ చూశాక, తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది, తెర నల్లబడుతుంది. అయిపోయిందట. ఉత్సవాల కమిటీలకి నచ్చేలా తీసే సినిమాలకీ, మన దగ్గర ఫ్యాన్స్‌కి నచ్చేలా తీసేవాటికీ పెద్ద తేడా నాకు కనపడదు.

అందులోనూ మంచివి లేకపోలేదు. బల్గేరియావాళ్లు 2016లో తీసిన 'గ్లోరీ' ఉంది, క్రిస్తినా గ్రోజెవా, పేతర్ వల్చానోవ్ ఇద్దరూ కలిసి తీశారు. రైలు పట్టాలు చూసే గ్యాంగ్‌మన్, మాట నత్తి. పట్టాల మీద డబ్బు గుట్టలుగా దొరికితే పోలీసులకి చెబుతాడు. మంత్రిగారు సన్మానం చేసి వాచీ ఇస్తారు. కొత్త వాచీ పెట్టడానికి వీలుగా అతని చేతికున్న పాత వాచీ, తండ్రి ఇచ్చింది, మంత్రి గారి ప్రచారం చూసే మేడమ్ తీసి ఉంచుతుంది. ఉంచి, పోగొడుతుంది. కొత్త వాచీ ఆగిపోతుంది. ఇక ఆ మనిషి తన వాచీ తనకి కావాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. మన ఎమ్మార్వో ఆఫీసు వరండాలో ఒక్కసారి నిలబడ్డవాడికి దీనికి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు. ఐస్లాండ్ నుంచి 2015లో 'రామ్స్' వచ్చింది. పక్కపక్కనే ఉంటూ నలభై ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు, గొర్రెలకి రోగం వస్తే మంద మొత్తాన్ని చంపాలంటారు. అన్నదమ్ముల మధ్య చీటీలు మోసేది కుక్క. గట్టు తగాదాల గోదావరి జిల్లాలవాళ్లం, మనకి తెలియని కథా అది?

నేననేది ఒకటే. ఇవన్నీ ఇవాళ మీ చేతికి అందేంత దూరంలో ఉన్నాయి, మాకు లేనిది. కానీ ఆ యంత్రం మీకు 'గ్లోరీ' ఎప్పటికీ చూపించదు. ఎందుకంటే మీరు ఇదివరకు అలాంటిది చూడలేదు. అడగని సినిమా తెచ్చిన ఆ పార్సిల్ పెట్టె మాకు చేసిన మేలు అది చేయలేదు.

అందుకే మొన్న దసరా సెలవుల్లో మనవడు స్నేహితుల్ని వెంటబెట్టుకొస్తే, ఏం చూస్తారని అడగలేదు. 'హూజ్ సింగింగ్ ఓవర్ దేర్' పెట్టాను. యుగోస్లావియా, 1980, దుషాన్ కొవాచెవిచ్ రాస్తే స్లోబొదాన్ షియాన్ తీశాడు. ఎనభై ఆరు నిమిషాలే, భయపడకండి అన్నాను. 1941 ఏప్రిల్ 5. పల్లెల్లోంచి బెల్‌గ్రేడ్‌కి పోయే డొక్కు బస్సు. యజమాని, డ్రైవరుగా అతని కొడుకు. కళ్లకి గంతలు కట్టుకుని కూడా నడపగలడు మావాడు అని తండ్రి గొప్ప, కట్టించి మరీ నడిపిస్తాడు. బస్సులో ఒక క్షయరోగి, పాత యుద్ధంలో పోరాడిన ముసలాయన, జర్మనీ వాళ్లొస్తేనే దేశం బాగుపడుతుందనే పెద్దమనిషి, పాటగాడు, కొత్త దంపతులు, ఇద్దరు జిప్సీ గాయకులు. వెనకాల పందులు. దారిలో ఒక రైతు రోడ్డు దున్నేశాడు, పొలం నాదే కదా అని! కుర్రాళ్లు దొర్లి దొర్లి నవ్వారు. అచ్చం మా పల్లెవెలుగు బస్సే తాతయ్యా అన్నాడొకడు. చివర్లో ఒకడి పర్సు కనపడదు. అందరూ కలిసి జిప్సీల మీద పడి కొడతారు. బస్సు బెల్‌గ్రేడ్ చేరేసరికి ఏప్రిల్ 6 తెల్లవారింది. హిట్లర్ విమానాలు ఆ నగరం మీద బాంబులు కురిపించిన రోజది. చరిత్ర తెలియని పిల్లలు, అది రాబోతోందని వాళ్లకి తెలియదు. నవ్వుతున్న నోళ్లు అలాగే ఉండిపోయాయి.

తర్వాత వాదన. కొట్టినవాళ్లందరూ చెడ్డవాళ్లా? ఆ ముసలాయన కూడానా? అప్పటిదాకా వాళ్లు మనకి నచ్చారు కదా, మరి మనం? రాత్రి ఒంటిగంట దాటినా అరుస్తూనే ఉన్నారు, మా కోడలు వచ్చి కసిరితేగాని పడుకోలేదు. సరే, బాగానే ఉంది. కానీ ఎనభై ఆరు నిమిషాల సినిమాని మధ్యలో రెండుసార్లు ఆపి నూడుల్స్ చేసుకుని తిన్నారు. మా రోజుల్లో సినిమా ఆపే అధికారం ఆపరేటరుకి ఒక్కడికే ఉండేది, అదీ రీలు అయిపోతేనే.